ఆర్గనాయిడ్లపై మందుల పరీక్ష: అంకెలు తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించింది. జంతు ప్రయోగాలతో పాటు ఆర్గనాయిడ్లు (ల్యాబులో పెంచే, అవయవాన్ని పోలిన చిన్న కణజాల ముద్దలు), ఆర్గాన్ చిప్‌ల (సన్నటి కాలువల్లో కణాలను పెంచే పరికరాల) వంటి పద్ధతుల ఫలితాలకూ వాటిలో చోటు దక్కింది. మంచి అడుగే. అయితే ల్యాబులో పెంచిన కణజాలం ఇచ్చే ప్రతి అంకెకూ ఇప్పుడు బరువు పెరిగింది. హాని చేసే అణువు స్క్రీనింగ్ దాటిపోతే ప్రమాదం రోగి దాకా వెళ్తుంది. పనికొచ్చే అణువును ఒకసారి పక్కన పెట్టేస్తే మళ్లీ తీసి చూసేవారు ఉండరు. అందుకే ఫలితం వింతగా ఉన్నప్పుడు ముందు ప్లేటును (వెల్స్ అనే చిన్న గుంటల్లో కణాలను పెంచే పలకను) అనుమానించండి, తర్వాతే మందును.

తెలిసిన విషం వేసినా కణాలు చావడం లేదు

అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం ఇదే. చూడటానికి మందు సురక్షితమన్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూడు చోట్ల వెతకాలి.

మొదట కణాల ఎంపిక. పారాసిటమాల్ తనంతట తానుగా కాలేయాన్ని దెబ్బతీయదు. సైటోక్రోమ్ ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2ఈ1, దాన్ని నాప్‌క్వి అనే చురుకైన పదార్థంగా మార్చాకే హాని మొదలవుతుంది. సులువుగా పెరుగుతాయని చాలామంది వాడే హెప్‌జీ2 అనే కాలేయ కణితి కణాల్లో ఈ ఎంజైములు చాలా తక్కువ. వాటితో ఎంత చక్కటి గోళాలు (గుండ్రటి కణాల ముద్దలు) కట్టినా ఈ రకం విషం సరిగా బయటపడదు. ఈ ఎంజైములు బాగా ఉండే హెపాఆర్‌జీ అనే కాలేయ కణాలకో, మనిషి కాలేయం నుంచి నేరుగా తీసిన కణాలకో మారాలి. ఖర్చు ఎక్కువే. కానీ ప్రశ్న కాలేయానికి కలిగే హాని గురించైతే పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

తర్వాత ద్రావకం. అలవాటు కొద్దీ అన్ని మందులనూ డీఎంఎస్‌ఓలో కరిగిస్తాం. ప్లాటినమ్ ఉన్న సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుకు అది పనికిరాదు. డీఎంఎస్‌ఓలోని గంధకం ప్లాటినమ్‌ను పట్టుకుని అణువు రూపాన్నే మార్చేస్తుంది, మందు శక్తి పోతుంది. దాన్ని 0.9 శాతం సెలైన్‌లో అప్పటికప్పుడు కలుపుకోవాలి. మిగతా మందుల విషయంలో ప్లేటంతా డీఎంఎస్‌ఓ శాతం ఒకేలా ఉండాలి. 10 మిల్లీమోలార్ స్టాకును (ముందే చేసిపెట్టుకున్న చిక్కటి ద్రావణాన్ని) వెయ్యి రెట్లు పలుచన చేస్తే 10 మైక్రోమోలార్ మందుతో పాటు 0.1 శాతం డీఎంఎస్‌ఓ చేరుతుంది. మందు లేని కంట్రోల్ వెల్స్‌లోనూ అంతే పోయాలి.

ఇక మీడియం, అంటే కణాలను పెంచే పోషక ద్రవం. సీసా మీద పేరు చూసి వాడేస్తాం గానీ అందులో ఏమేం ఉన్నాయో చదవం. పేగు ఆర్గనాయిడ్ల మీడియంలో సాధారణంగా ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఉంటుంది. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు అదే! ఆక్సీకరణ ఒత్తిడితో కణాలను చంపే మందును ఆ మీడియంలో పరీక్షిస్తే విషాన్నీ విరుగుడునూ కలిపి పోసినట్టవుతుంది. ఈజీఎఫ్ (కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్) దండిగా ఉన్న మీడియంలో, దాన్ని అందుకునే ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే మందులు బలహీనంగా కనిపించడానికీ ఇలాంటి కారణమే. మందు వేసే రోజున ఆ పదార్థం లేని మీడియంకు మార్చండి. మందు వేయని ఆర్గనాయిడ్లు అందులో తట్టుకుంటున్నాయో లేదో ముందే చూసుకోండి.

ఒకే మందుకు వారం వారం వేరే ఐసీ50

ఐసీ50 అంటే కణాలను సగానికి అణచే మందు గాఢత. తరచుగా తేడా మందులో ఉండదు, కణాల విభజన వేగంలో ఉంటుంది. నెమ్మదిగా పెరిగే ఆర్గనాయిడ్లు మందుకు లొంగనట్టు కనిపిస్తాయి. మందు వేసే రోజునే ఒక ప్లేటును ఆపి కొలవండి. చివరి రోజు అంకెను ఆ తొలి అంకెతో పోల్చి చూసి, పెరుగుదల రేటు ఎంత తగ్గిందో లెక్కగట్టండి. ఈ ఒక్క ప్లేటుతో సగం గందరగోళం తీరుతుంది.

మిగతా సగానికి మాట్రిజెల్‌ను, అంటే ఆర్గనాయిడ్లను పొదిగి పెంచే జెల్‌ను చూడాలి. ఎలుక కణితి నుంచి తీసేది కాబట్టి లాటు (తయారీ విడత) మారితే గుణం మారుతుంది. స్క్రీన్ మొత్తానికి సరిపడా ఒకే లాటు తెప్పించుకోండి. ఫ్రిజ్‌లో మంచు మీద రాత్రంతా కరగనివ్వండి, పిపెట్ టిప్పులనూ చల్లబరచండి. వెచ్చటి టిప్పు తగిలితే లోపలే గడ్డకడుతుంది, ఒక వెల్‌లో ఎక్కువ, మరో వెల్‌లో తక్కువ పడుతుంది.

మందు వేయని గోళం కూడా సగం చచ్చినట్టు చూపిస్తోంది

ఆక్సిజన్ కణజాలంలోకి సుమారు 100–200 మైక్రోమీటర్ల లోతు వరకే చేరుతుంది. గోళం వ్యాసం 500 మైక్రోమీటర్ల దరిదాపుల్లోకి వచ్చిందంటే నడిబొడ్డున కణాలు నిజంగానే చచ్చిపోతుంటాయి. తక్కువ కణాలతో మొదలుపెట్టండి.

గోళం చిన్నదే అయినా అంకె తక్కువగా వస్తే, బతికున్న కణాల్లోని ఏటీపీని కాంతిగా చూపే రసాయనం లోపలి కణాలను పగలగొట్టలేదన్నమాట. పలుచటి కణపొరకు తయారైన కిట్ ఇక్కడ చాలదు. గోళాల కోసం చేసిన రకం వాడి, 5 నిమిషాలు గట్టిగా కుదిపి, మరో 25 నిమిషాలు ఆగి కాంతిని కొలవండి.

వాపు పరీక్షలో వాపే లేదు

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి మందుల కోసం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఈ పరీక్ష చూడముచ్చటైనది. రోగి పురీషనాళం నుంచి తీసిన చిన్న ముక్కతో ఆర్గనాయిడ్లు పెంచి, ఫోర్స్‌కోలిన్ వేస్తారు. అది తెరిపించే, ఈ వ్యాధిలో చెడిపోయే సీఎఫ్‌టీఆర్ ద్వారం పనిచేస్తే లోపలికి నీరు చేరి ఆర్గనాయిడ్ గంటలోపే కళ్లముందు ఉబ్బుతుంది. ఆరోగ్యవంతుల ఆర్గనాయిడ్లు ఉబ్బకపోతే కంగారు పడకండి. అవి ముందే నీటితో నిండి ఉంటాయి, ఇంకా ఉబ్బే చోటు ఉండదు. వాటికి వాపు బదులు, మొదట్లోనే లోపలి ఖాళీ ఎంత ఉందో కొలవాలి.

అంచు వెల్స్ ఎప్పుడూ వేరుగా

అక్కడ నీరు ఆవిరై మందు చిక్కబడుతుంది. 96 వెల్స్ ప్లేటులో చుట్టూ ఉన్న 36 వెల్స్‌లో బఫర్ పోసి, లోపలి 60 మాత్రమే వాడండి.

చిప్‌లో మందు ప్రభావం అంతంతమాత్రం

పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుతో చేసిన చిప్ కొవ్వులో కరిగే మందులను పీల్చేసుకుంటుంది. కణాలు లేని చిప్‌లోంచి మందును పంపి, బయటికి ఎంత వచ్చిందో కొలిచి చూడండి. తక్కువగా వస్తే ఆ మందుకు వేరే పదార్థంతో చేసిన చిప్ కావాలి.

కారణం ఎక్కడా దొరకలేదు

మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియాకు పీసీఆర్ చేయించండి. మామూలు మైక్రోస్కోపులో ఇది కనిపించదు, మీడియం మసకబారదు, కానీ కణాల తీరంతా మార్చేస్తుంది. పాజిటివ్ వస్తే ఆ కల్చర్‌ను పారేసి, పరీక్షించి భద్రపరిచిన పాత స్టాకు నుంచి కొత్తగా పెంచండి. ఆ తర్వాత పాజిటివ్, నెగెటివ్ కంట్రోల్స్ మాత్రమే ఉన్న ప్లేటు ఒకటి నడిపి జెడ్-ప్రైమ్ (రెండు కంట్రోల్స్ ఎంత స్పష్టంగా విడిపోతున్నాయో చెప్పే అంకె) లెక్కించండి. అది 0.5 దాటేవరకు విలువైన అణువులను ప్లేటులో వేయకండి.