భాష రాకపోయినా పాటల సినిమా చూడటం ఎలా?

ముందు హెడ్‌ఫోన్స్ వెతకండి, ఆర్కే బీచ్ పక్కన మా ఫ్లాట్‌లో కిటికీ తీస్తే సముద్రం హోరుకి సగం వాయిద్యాలు వినిపించవు. మొదట 1993లో టోనీ గాట్లిఫ్ తీసిన ‘లాచో ద్రోమ్’ పెట్టండి. డైలాగులు దాదాపు ఉండవు, రాజస్థాన్ ఎడారిలో మొదలై ఈజిప్టు, టర్కీ, రుమేనియా మీదుగా స్పెయిన్ దాకా రోమా జనం, అంటే జిప్సీలు, పాడుకుంటూ పోతారు, అంతే. కథేదీ అంటూ పది నిమిషాలకే ఫోన్ తీసిన మా తమ్ముడు, రుమేనియా ముసలాయన వయొలిన్ తీగకి వెంట్రుక కట్టి వేళ్లతో లాగుతుంటే, ఫోన్ పక్కన పడేశాడు. సబ్‌టైటిల్స్ ఉంచండి కానీ పాట నడిచేటప్పుడు చదవకండి. తర్వాత స్వీడన్ వాళ్ల ‘సౌండ్ ఆఫ్ నాయిస్’, 2010. అందులో డ్రమ్మర్లు ఆసుపత్రిలో దూరి పేషెంటునే వాయించేస్తారు! మురీ మిక్చర్ మాత్రం ముందే తినేయండి, కరకరలో ఏమీ వినపడదు.