చలిలో బయట పనికి వెళ్లేవాళ్లు థర్మల్స్ కొనేముందు

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్ వైపు, పాడేరు కొండల్లో తెల్లవారుజామున కొన్ని రోజులు 10 డిగ్రీల లోపే. పాలకో, పొలానికో వెళ్లేవాళ్లు థర్మల్స్ (చలికి చొక్కా లోపల వేసుకునే బట్టలు) కొనేముందు ఇవి చూసుకోండి.

లోపల కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, పని ఆపి టీ తాగేలోపు వీపు మీద తడిగుడ్డ పరిచినట్టే. నేను రెండేళ్లు దాని మీదే థర్మల్ వేసుకుని వణికాను!

లేబుల్ తిప్పి చూడండి. చవక థర్మల్స్‌లో చాలావాటిలో కాటనే ఎక్కువ, పాలిస్టర్ ఎక్కువున్నవి త్వరగా ఆరతాయి. మెరినో అనే గొర్రెజాతి ఉన్ని మంచిదే కానీ ధర వింటేనే చెమట పడుతుంది.

వేసుకుని వంగి చూడండి, నడుం బయటపడితే గాలి దూరేది అక్కడే.

మందంది ఒకటి కన్నా పలచనివి రెండు మేలు, ఒకటి ఆరేసుకోవచ్చు.

చలిమంటకి దూరంగా ఉండండి, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.