ఎల్లోనైఫ్ ఆవల చేపల వేట: తిరుగు విమానం ఆలస్యమైనా నిలబడే ఏర్పాట్లు

కెనడాలోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో రోడ్డు చేరే సరస్సులు కొన్నే. పెద్ద చేపలకు పేరుపడ్డ సరస్సులలో చాలావాటికి ఆ ప్రాంత రాజధాని ఎల్లోనైఫ్ నుంచి ఫ్లోట్ ప్లేన్‌లో వెళ్లడమే మార్గం. నీటి మీద దిగే ఆ చిన్న విమానం మనుషులనూ సామానునూ ఒడ్డున దించి వెళ్లిపోయి, అనుకున్న రోజున మళ్లీ వస్తుంది. మబ్బు బాగా కిందికి దిగినా, పొగమంచు కమ్మినా, ఈదురుగాలికి సరస్సులో పెద్ద అలలు లేచినా పైలట్ బయలుదేరడు, బయలుదేరకూడదు కూడా. కాబట్టి ఈ యాత్రకు చేసే ప్రతి ఏర్పాటూ విమానం రాని రోజును దృష్టిలో పెట్టుకొని చేయవలసిందే. గాలాల గురించీ ఎరల గురించీ ఆలోచించడం ఆ తరువాతి పని.

మొదట కాలం నిర్ణయించుకోవాలి. ఆర్కిటిక్ వృత్తాన్ని తాకే గ్రేట్ బేర్ సరస్సులో కొన్నిచోట్ల జూలై దాకా మంచుగడ్డలు మిగిలే ఉంటాయి. దక్షిణాన ఉన్న చిన్న సరస్సులు జూన్‌లోనే తెరుచుకుంటాయి. జూన్ చివరి నుంచి జూలై అంతా రాత్రి దాదాపు చీకటి పడదు, చేపలు బాగా పడతాయి, దోమలూ నల్ల ఈగలూ కూడా అంతే ఉత్సాహంతో ఉంటాయి. ఆగస్టు రెండో సగంలో పురుగుల బాధ తగ్గుతుంది గాని చలి మొదలవుతుంది, గాలులు పెరుగుతాయి. మొదటిసారి వెళ్లేవారికి ఆగస్టు ఆరంభమే మేలని నా అభిప్రాయం. అయితే అది కార్చిచ్చుల కాలం కూడా. 2023 ఆగస్టులో మంటలు సమీపించినందువల్ల దాదాపు 20,000 మంది ఉండే ఎల్లోనైఫ్ మొత్తాన్ని ఖాళీ చేయించారు. మంటలు దూరంగా ఉన్నా పొగ కమ్మితే విమానాలు ఆగిపోతాయి కనుక, బయలుదేరే ముందు మంటల సమాచారం చూసుకోవడం తప్పనిసరి.

విమానం మాట్లాడుకునేటప్పుడు అసలు లెక్క బరువుదే. 1947లో తొలిసారి ఎగిరిన బీవర్ రకం విమానాలు ఇప్పటికీ ఈ ప్రాంతాలలో తిరుగుతున్నాయి. పెద్ద బృందాలకు ట్విన్ ఆటర్ అనే పెద్ద విమానం దొరుకుతుంది. వెళ్లవలసిన సరస్సు ఎంత దూరమైతే విమానం అంత ఇంధనం మోయాలి, ఆ మేరకు మనకు మిగిలే బరువు తగ్గుతుంది. అందుచేత మనుషులతో సహా ప్రతి సంచినీ తూచి, ఆ లెక్క ముందే విమాన సంస్థకు చెప్పాలి. గట్టి పెట్టెలకు బదులు మెత్తని సంచులు తీసుకుంటే ఇరుకైన మూలల్లో కూడా ఇమిడిపోతాయి. పొయ్యి ఇంధనాన్నీ, ఎలుగుబంట్లను తరిమే బేర్ స్ప్రేనూ ప్రయాణికుల విమానాల్లోకి అనుమతించరు కనుక ఎల్లోనైఫ్ చేరాక కొనుక్కోవాలి. ఫ్లోట్ ప్లేన్ ఎక్కేటప్పుడు స్ప్రే డబ్బా ఉందని పైలట్‌కు తప్పక చెప్పాలి. అది విమానం లోపల పేలితే పైలట్‌కు కళ్లు కనిపించవు. అందుకే సాధారణంగా దానిని నీటిపై తేలే ఫ్లోట్‌ల అరలలో పెట్టిస్తారు.

ఆహారం అనుకున్న రోజులకు సరిపడా కాక, దానిపైన కనీసం నాలుగు రోజులకు అదనంగా ఉండాలి. చేపలు దొరుకుతాయి కదా అన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే విమానాన్ని ఆపిన గాలే పడవను కూడా ఒడ్డు దాటనివ్వదు. రోజూ వేసుకునే మందులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం లేదా శాటిలైట్ ఫోన్ లేకుండా ఎవరూ వెళ్లకూడదు, అక్కడ మామూలు ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. దిగే చోటు అక్షాంశ రేఖాంశాలను విమాన సంస్థకూ ఇంట్లో ఒకరికీ రాసి ఇచ్చి, ఎన్నాళ్లు సమాచారం రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి ఉంచాలి.

చేపలు పట్టడానికి లైసెన్సు ఉండాలి. రోజుకు ఎన్ని పట్టవచ్చు, ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అన్న పరిమితులు సరస్సును బట్టి మారతాయి కనుక ఆ ఏటి నిబంధనల పుస్తకం చదివే వెళ్లాలి. గ్రేట్ స్లేవ్ సరస్సు తూర్పు పాయ ప్రాంతంలో 2019లో థైడెనె నెనె జాతీయ ఉద్యాన రిజర్వు ఏర్పడింది. అది డెనె అనే ఆదివాసీ ప్రజల పూర్వీకుల నేల, అక్కడ వేరే అనుమతులూ నియమాలూ ఉంటాయి.

ఇక గాలాల సంగతి. ఇక్కడ ప్రధానంగా దొరికేది లేక్ ట్రౌట్. 1995లో గ్రేట్ బేర్ సరస్సులో గాలానికి పడిన 72 పౌండ్ల ట్రౌట్ ప్రపంచ రికార్డుగా నమోదైంది. మంచు కరిగిన కొత్తలో ఈ చేపలు లోతు తక్కువ చోట్ల తిరుగుతాయి. నీరు వేడెక్కే సరస్సుల్లో తరువాత లోతుకు దిగుతాయి, ఎప్పుడూ చల్లగా ఉండే గ్రేట్ బేర్ లాంటి చోట వేసవంతా పైభాగంలోనే ఉండగలవు. నాలుగు ముక్కలుగా విడిపోయే గట్టి గాలపు కర్ర, 20 పౌండ్ల అల్లిక దారం, పడవ వెనుక నెమ్మదిగా లాగడానికి అరచేయంత లోహపు ఎరలు (వీటిని స్పూన్లు అంటారు) ఉంటే చాలు. కలుపు పెరిగిన లోతు తక్కువ వంకల్లో నార్తర్న్ పైక్ ఉంటుంది. దాని పళ్లు దారాన్ని కోసేస్తాయి కాబట్టి ఎరకు ముందు స్టీలు తీగ కట్టాలి. నదులు సరస్సులో కలిసే చోట్ల పెద్ద వీపు రెక్కతో మెరిసే ఆర్కిటిక్ గ్రేలింగ్ దొరుకుతుంది. దానికి సన్నని కర్ర, స్పిన్నర్ అనే గిరగిర తిరిగే చిన్న ఎర, నీటిపై తేలే కృత్రిమ ఈగ సరిపోతాయి. పెట్టెనిండా ఎరలు మోసుకుపోవడం వృథా. పనిచేసే రెండు మూడు రకాలనే ఎక్కువ సంఖ్యలో తీసుకెళ్లడం తెలివైన పని, ఎందుకంటే రాళ్లలో చిక్కుకొని పోయేవి ఎక్కువ.

ఈ చల్లని నీటిలో చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పెద్ద ట్రౌట్ వయసు 50 ఏళ్లు దాటి కూడా ఉండవచ్చు. పట్టిన పెద్ద చేపను గాయపడకుండా వదిలేయడానికి, ఎరకున్న మూడు కొనల గాలపు ముళ్లు తీసి ఒంటి ముల్లు వేయాలి. ముల్లు కొన వెనుక వాలుగా ఉండే చిన్న పంటిని శ్రావణంతో నొక్కి చదును చేయాలి. దీనివల్ల చేపకే కాదు, వైద్యుడు అందుబాటులో లేని చోట మనిషి వేలికి గుచ్చుకున్నా సులువుగా బయటికి వస్తుంది. పెద్ద చేపను రబ్బరు వలలో, నీటిలోనే ఉంచి ముల్లు తీసి, ఫొటో కావాలంటే అడ్డంగా రెండు చేతులా పట్టుకొని కొన్ని క్షణాల్లో వదిలేయాలి. వండుకోవడానికి చిన్నవే మంచివి. పెద్దవైన, వయసు ముదిరిన, ఇతర చేపలను వేటాడి తినే చేపల కండలో పాదరసం పేరుకుంటుంది. పైక్ వంటి చేపల్లో బద్దెపురుగు పిల్లలు ఉండవచ్చు కనుక మాంసం పూర్తిగా ఉడకాలి.

అక్కడ ఎలుగుబంటి కంటే నీటికే ఎక్కువ భయపడాలి. చన్నీటి ప్రమాదాలపై పరిశోధన చేసిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క గుర్తుంచుకోదగింది: పడిన మొదటి 1 నిమిషం శ్వాస అదుపులోకి తెచ్చుకోవడానికి, తరువాతి 10 నిమిషాలు చేతులు కాళ్లు పనిచేసేంత సమయం, సుమారు 1 గంటకు స్పృహ తప్పడం. ఆ మొదటి నిమిషంలో నిలిపేది లైఫ్ జాకెట్ ఒక్కటే. అది పడవలో మూలన కాక ఒంటి మీద ఉండాలి. పడవను ఒడ్డు వెంట నడపాలి. సరస్సు మధ్యగా అడ్డదారి పట్టకూడదు, గాలి లేస్తే వెంటనే ఏదైనా వంకలో ఆగి, అది తగ్గేదాకా ఎన్ని గంటలైనా వేచి ఉండాలి.

గుడారానికి కనీసం 100 మీటర్ల దూరంలో వంట చేసి, తిండినీ టూత్‌పేస్టునూ ఎలుగుబంటి తెరవలేని డబ్బాల్లో అక్కడే ఉంచాలి. చేప వ్యర్థాలను గుడారం చుట్టుపక్కల వదలకూడదు. బేర్ స్ప్రే సంచి అడుగున ఉంటే లేనట్టే, నడుముకు ఉండాలి. దోమలకు తల మీద వేసుకునే వల, డీట్ అనే దోమలను తరిమే రసాయనం 30 శాతం ఉన్న మందు అవసరం; ఆ మందు ప్లాస్టిక్‌నూ కొన్ని దారాల పూతనూ పాడుచేస్తుంది కాబట్టి రాసుకున్నాక అరచేతులు తుడుచుకొని గాలం పట్టాలి. తూర్పున చెట్లు పెరిగే ప్రాంతపు హద్దు దాటితే కట్టెలు దొరకవు, పొయ్యి ఇంధనం ఎక్కువ మోయాలి.

విమానం రావలసిన రోజున తెల్లవారేసరికి గుడారం తప్ప మిగతా సామాను సర్ది ఒడ్డున పెట్టాలి. అలల తీరునూ మబ్బు ఎత్తునూ సందేశంలో పంపితే పైలట్‌కు ఉపయోగం. విమానం శబ్దం వినిపించేదాకా గుడారం విప్పకూడదు, మిగిలిన ఆహారాన్ని తినేయకూడదు. ఎల్లోనైఫ్ నుంచి ముందుకు వెళ్లే విమాన టికెట్టును ఆ రోజుకు గాని మర్నాటికి గాని తీసుకోకుండా, కనీసం మూడు రోజుల తరువాతకు, తేదీ మార్చుకునే వీలున్నదాన్ని తీసుకోవాలి.