పెరటి కోళ్లు – నాలుగో పాఠం: పుంజేది, పెట్టేది, గుడ్డు ఏ రంగు?

పోయిన పాఠంలో కోడిపిల్లలకు ఏడో రోజున కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు వేయడం దాకా వచ్చాం. ఈపాటికి మీ అట్టపెట్టెలో బల్బు కింద పది పన్నెండు పిల్లలు ఊకను గీరుకుంటూ తిరుగుతుంటాయి. ఇంటికొచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఇందులో పుంజులెన్ని?" సంక్రాంతి ముందు పుంజుకున్న ధర పెట్టకు రాదు. ఏడాది పొడుగునా ఇంట్లోకి గుడ్డు కావాలంటే పెట్టను పోగొట్టుకోకూడదు. అందుకే ఈ పాఠం కాస్త నిదానంగా చదవండి.

మా పెరట్లో పుంజు ఒక్కటే, పందెం జాతి అసీల్. పెట్టల్లో మూడు నాటువి, రెండు గ్రామప్రియలు. వీటితోపాటు ఒళ్లంతా నలుపు తెలుపు అడ్డచారలున్న పెట్ట ఒకటి ఉంది. గ్రామప్రియ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తీసిన రకం. ఇన్ని రక్తాలు కలిసినప్పుడు ఒక్కో పిల్ల ఒక్కో తీరుగా లేస్తుంది. ఫారం పిల్లల కోసం రాసిన కొలతలు వీటికి సరిపోవు.

ముందు కొన్ని నమ్మకాలను పక్కన పెట్టేద్దాం. కోసుగా ఉన్న గుడ్డులోంచి పుంజు, గుండ్రటి గుడ్డులోంచి పెట్ట లేస్తుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. గుడ్డు ఆకారం ఆ పెట్ట ఒంటి తీరును బట్టి వస్తుంది. ఒకే పెట్ట పెట్టిన కోసు గుడ్లలోంచి పుంజులూ పెట్టలూ రెండూ లేస్తాయి. సూదికి దారం కట్టి పిల్ల మీద ఊపి చూడటమూ అంతే.

లేచిన రోజున చూసేది

మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి. కోళ్లలో తల్లి. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములుంటాయి, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు డబ్ల్యూ వెళ్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాది తేలిక.

మా చారల పెట్టనే తీసుకోండి. ఆ అడ్డచారల గుణం ఉండేది జడ్ మీద. చారల్లేని పుంజుతో దాన్ని కలిపితే చారలు తల్లి నుంచి కొడుకులకే వస్తాయి. లేచిన రోజున నల్లనూగు పిల్లను అరచేతిలో పెట్టుకుని నడినెత్తి చూడండి. తెల్లటి మచ్చ, సున్నపు వేలితో ఒత్తినట్టు, ఉంటే పుంజు. నెత్తి మొత్తం నలుపైతే పెట్ట. గోధుమ చారల నూగున్న పిల్లల్లో ఈ మచ్చ కలిసిపోతుంది, తేటగా తెలియదు. పుంజే చారలదైతే చారలు కొడుకులకూ కూతుళ్లకూ వస్తాయి కాబట్టి ఈ లెక్క పనికిరాదు. తండ్రి తెల్ల ఫారం జాతిదైనా తెలుపు అన్నిటినీ కప్పేస్తుంది.

రెక్క చూసి చెప్పడమనేది హేచరీల్లో వాడే పద్ధతి. ఒకరోజు పిల్ల రెక్క విప్పితే రెండు వరసల ఈకలుంటాయి. కింది వరస పై వరసకన్నా బాగా పొడుగైతే పెట్ట, రెండూ సమానంగా ఉంటేనో పై వరసే పొడుగైతేనో పుంజు. అయితే ఈకలు త్వరగా వచ్చే పుంజును, ఆలస్యంగా వచ్చే పెట్టతో కలిపిన సంతానంలోనే ఇది నిలుస్తుంది, అదీ మొదటి రెండు మూడు రోజులే. మన పెరటి కలగాపులగంలో తల్లిదండ్రుల ఈకల వేగం ఎవరికి తెలుసు? మీరు దీన్ని నమ్ముకోవద్దు. ఇక తోక కింద నొక్కి చూసే పద్ధతి జపానులో పుట్టిన విద్య. చేయి తిరగనివాళ్లు చేస్తే పిల్ల పేగు దెబ్బతింటుంది. ఇంట్లో చేయకండి, చిన్నపిల్లలతో చేయించకండి.

ఇరవై ఎనిమిదో రోజు

రెండో విడత లసోటా వేసే రోజిది. ప్రతి పిల్లా ఎలాగూ చేతికొస్తుంది కాబట్టి నేను ఆ రోజునే పరీక్ష పెట్టుకున్నాను. ఒక్కోదాని కాలికి ఒక్కో రంగు దారం కట్టి నోటుబుక్కులో రాస్తాను: ఎర్రదారం, తల్లి గ్రామప్రియ, జుట్టు (నెత్తి మీది కండ తురాయి) రంగు, నా అంచనా. దారం వదులుగా కట్టి వారం వారం విప్పి మార్చాలి. ఒకసారి నేను మరిచిపోతే దారం కాలిలోకి దిగి వాచిపోయింది.

చూడాల్సింది ముందుగా జుట్టు. నిలువు జుట్టున్న పిల్లల్లో ఈ వయసుకు పుంజు జుట్టు దళసరిగా పెరిగి గులాబీ నుంచి ఎరుపుకు తిరుగుతుంది. పెట్టది పలచగా, పసుపుగానే ఉంటుంది. గడ్డం కింద ఎర్రతోలు మొలుస్తోందా అన్నదీ చూడండి.

అసీల్ రక్తం ఉన్నవాటితోనే కష్టం. అసీల్ జుట్టు నిలువుగా లేవదు. మూడు వరసల బుడిపెలతో ముక్కు మీద అణిగి ఉంటుంది. ఎరుపూ ఆలస్యంగా వస్తుంది. వీటిని ఎండలోకి తెచ్చి, ముక్కు వైపు నుంచి కాక నెత్తి పైనుంచి చూడండి. మూడు వరసలూ విడివిడిగా కనిపిస్తూ వెడల్పవుతుంటే పుంజు వైపు మొగ్గు. మధ్య వరస మాత్రమే సన్నటి గీతలా ఉంటే పెట్ట. అప్పటికీ తేలకపోతే బుక్కులో ప్రశ్నగుర్తు వేసి వదిలేయండి. ప్రశ్నగుర్తు వేసిన పిల్లను మాత్రం అమ్మొద్దు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. మూడేళ్ల కింద ఆరు వారాల గుంపులో ఒకటి మిగతావాటికన్నా జానెడు ఎత్తు, లావు కాళ్లు. పుంజేనని మా వీధిలో ఒకాయనకు అమ్మాను. నాలుగు నెలలయ్యాక వచ్చి, "అమ్మాయ్, నువ్వు పుంజని ఇచ్చింది గంపలో గుడ్డు పెట్టిందే" అన్నాడు. పుంజు కోసమే పండగ దాకా మేపుకున్న మనిషి. డబ్బు తిరిగిచ్చాను గానీ ఆ రోజంతా మనసు బాగాలేదు. తప్పెక్కడంటే, అది గ్రామప్రియ కూతురు, పక్కనున్నవి నాటు పెట్టల పిల్లలు. తల్లులు వేరైనప్పుడు సైజు పోలిక పనికిరాదు. ఒకే తల్లి పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే లావు కాళ్లకు అర్థం ఉంటుంది.

ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే వేసే ఆర్‌టూబీ టీకా సూది వేయించేటప్పుడు మళ్లీ బుక్కు తీయండి. చాలా ప్రశ్నగుర్తులు అప్పటికి తేలిపోతాయి. రెక్క భుజాన ఎర్ర ఈకలు మచ్చలు మచ్చలుగా మొలిస్తే పుంజు. పెట్ట రంగు ఒళ్లంతా ఒక తీరుగా సర్దుకుంటుంది. పన్నెండో వారం దాటాక తోక మొదట్లో నడుము ఈకలు చూడండి. కోసుగా, సన్నగా, మెరుస్తూ జారితే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట. దీన్ని మించిన గుర్తు నాకు దొరకలేదు.

గుడ్డు రంగు

ఇంట్లో ఒక గోధుమరంగు గుడ్డు, ఒక తెల్లగుడ్డు పగలగొట్టినప్పుడు పెంకులు పారేయకండి. లోపలి పొరను గోటితో ఒలిచి వెలుతురులో చూడండి. గోధుమ గుడ్డు లోపల కూడా తెలుపే. పెంకు తయారు కావడానికి ఇరవై గంటల దాకా పడుతుంది. గోధుమ రంగు ఆఖరి గంటల్లో పైన పూతలా పడుతుంది. చిలీ దేశపు అరౌకానా కోళ్ల నీలం గుడ్డు అలా కాదు, నీలం పెంకు అంతటా దిగి లోపల కూడా కనిపిస్తుంది. ఆ నీలం మీద గోధుమ పూత పడితే గుడ్డు ఆకుపచ్చగా వస్తుంది.

అరౌకానా సంతతిలో నీలం గుడ్డు గుణమూ అణిగిన జుట్టు గుణమూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే విదేశీ వీడియోల్లో అలాంటి జుట్టు చూపించి నీలం గుడ్డు పెడుతుందంటారు. మన అసీల్‌కు జుట్టు అలాంటిదే అయినా నీలం గుణం లేదు. వాటి గుడ్డు మీగడ రంగు నుంచి లేత గోధుమ దాకా ఉంటుంది. ఆశపడి పెంచకండి. ఒళ్లూ మాంసమూ నల్లగా ఉండే కడక్‌నాథ్ కోడి గుడ్డు కూడా నల్లగా ఉంటుందన్నదీ అబద్ధమే, అదీ లేత రంగే.

తెల్ల చెవితమ్మె ఉంటే తెల్లగుడ్డు, ఎర్ర చెవితమ్మె ఉంటే గోధుమ గుడ్డు అన్న గుర్తు శుద్ధ జాతుల్లో చాలావాటికి సరిపోతుంది, కలిసిన రక్తంలో తప్పుతుంది. గోధుమ పూతను నడిపే జన్యువులు చాలా ఉన్నాయి. అందుకే కూతురి గుడ్డు తరచూ రెండు వైపుల రంగులకూ మధ్యలో వస్తుంది. మా గ్రామప్రియకూ అసీల్ పుంజుకూ పుట్టిన పెట్టలు తల్లికన్నా లేత గుడ్డు పెడుతున్నాయి. పుంజు గుడ్డు పెట్టదు గనక దాని వంతు మరిచిపోతాం. పుంజును కొనేటప్పుడు అది ఏ రంగు గుడ్డులోంచి లేచిందో అడిగి రాసుకోండి. దాని కూతుళ్ల గుడ్డు రంగు గురించి కొంత సమాచారం అక్కడుంది.

మేత మార్చితే పెంకు రంగు మారదు. ఆకుకూర, పసుపు మొక్కజొన్న వేస్తే మారేది లోపలి సొన. ఎండలు ముదిరినప్పుడూ, వరసగా చాలా గుడ్లు పెట్టాకా గోధుమ రంగు కొంచెం వెలుస్తుంది, కంగారు పడక్కర్లేదు. మంద మొత్తానికి ఒక్కసారిగా పెంకు పాలిపోయి పలచబడితే మాత్రం జబ్బు అనుమానించి పశువైద్యుడికి చూపించండి.

ఈ విడత పని: ప్రతి పిల్లకూ దారం కట్టి, తల్లి పేరు, ఇరవై ఎనిమిదో రోజు అంచనా, ఆశించే గుడ్డు రంగు ఒక వరసలో రాయండి. పక్కన ఖాళీ వదలండి. ఆరేడు నెలలకు మొదటి గుడ్డు దొరికిన రోజున ఆ ఖాళీ నింపాలి. వచ్చే పాఠంలో ఆ గుడ్డు కోసం గూడు ఎక్కడ, ఎలా అమర్చాలో చూద్దాం.