మగ్గు పిడి దగ్గర చీలిక: ఎలా ఆపామంటే

హైస్కూలు సెరామిక్స్ అడ్వాన్స్‌డ్ క్లాసులో తరచూ వచ్చే చిక్కు, మగ్గు పిడి అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక. చాలాసార్లు కోన్ 04 (కొలిమి వేడిని చెప్పే కొలత) బిస్క్ కాల్పు, అంటే పైపూత వేయకముందు చేసే మొదటి కాల్పు, అయ్యాకే కంటపడుతుంది. అందరూ స్లిప్‌ని (అతికించడానికి పూసే నీళ్ల మట్టిని) తిడతారు గానీ, అసలు కారణం తేమలో తేడా. మగ్గు సగం ఆరి ఉంటుంది, పిడి అప్పుడే లాగి చేసిన పచ్చి మట్టి. పచ్చిది ఎక్కువ కుంచించుకుపోయి అతుకును లాగేస్తుంది.

అందుకని రెండింటినీ ఒకే ప్లాస్టిక్ కవరు కింద ఉంచాం. గోరు నొక్కితే గుర్తు పడాలి, వేలికి మాత్రం అంటకూడదు, అప్పుడే అతికించాలి. రెండు వైపులా అడ్డంగా, నిలువుగా లోతైన గాట్లు పెట్టి, అదే మట్టి ఎండు పొడిని వెనిగర్‌లో నానబెట్టిన చిక్కటి స్లిప్ పూశాం. అంచుల్లోంచి స్లిప్ ఉబికి వచ్చేదాకా నొక్కాలి. అతుకు చుట్టూ సన్నని మట్టి తీగ వేసి చెక్క పనిముట్టుతో అదిమాం.

తర్వాత ఆరబెట్టడం. పిడి సన్నం కాబట్టి ముందే ఆరిపోతుంది. దానికి విడిగా ప్లాస్టిక్ చుట్టి, మగ్గంతా వదులుగా కప్పి వారంపాటు వదిలేశాం. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందా, లోపల ఇంకా తడి ఉన్నట్టే.

పూర్తిగా ఎండిన చీలికలో తడి మట్టి కూరితే మళ్లీ అక్కడే విడుస్తుంది. గ్లేజు (గాజులాంటి పైపూత) కూడా దాన్ని పూడ్చదు.