రోజుకి వంద కిలోమీటర్లు, చుట్టూ పది మంది: గ్రూప్ సైకిల్ టూర్‌లో ఒక రోజు నెట్టుకురావడం ఎలా

గ్రూప్‌తో వంద కిలోమీటర్లు తొక్కడం ఒంటరిగా తొక్కడం కన్నా ఈజీ అంటారు, ఒంటికైతే నిజమే గానీ బుర్రకి మాత్రం కాదు, ఎందుకంటే రోజంతా మీ కాళ్ల మీద కన్నా ముందువాడి వెనక చక్రం మీదే ఎక్కువ ధ్యాస పెట్టాలి. మొదటి టూర్‌లో ఈ సంగతి తెలీక నేను రెండో రోజుకే మోకాలు నొప్పి తెచ్చుకుని మిగతా దూరం సామాను బండిలో కూర్చుని వెళ్లాను. కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు టైమ్ లెక్క. 20 స్పీడ్‌లో వెళ్తే 100 కి.మీ.కి ఐదు గంటలే కదా అనుకుంటారు. తినడానికి ఆగడం, పంచర్లు, ఫొటోలు, వెనకపడినవాళ్ల కోసం ఆగడం అన్నీ కలిపితే ఏడు గంటలు తక్కువ కాదు. ఎంత పొద్దున్నే బయల్దేరితే అంత మంచిది, ఎండ ముదరక ముందు సగం దూరం అయిపోవాలి. బాటిళ్లు నింపడం, లైట్లు చార్జింగ్ పెట్టడం, బ్యాగ్ కట్టడం రాత్రే చేసేయండి, పొద్దున నిద్రమత్తులో ఏదో ఒకటి మర్చిపోవడం గ్యారంటీ.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు సైకిల్ చూసుకోండి. టైర్ పక్కన గోడ మీద గాలి ఎన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి ఎంత దాకా కొట్టొచ్చో రాసి ఉంటుంది, ఆ మధ్యలో ఉంచండి, బ్యాగ్ వెనక కట్టారంటే వెనక టైర్‌లో కాస్త ఎక్కువ. రెండు బ్రేకులూ నొక్కి చూడాలి, చైన్‌కి ఆయిల్ వేశాక పైపైన గుడ్డతో తుడవాలి, లేకపోతే దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. ఇక ప్యాడ్ షార్ట్స్ (సీటు తగిలే చోట మెత్త కుట్టిన సైకిల్ నిక్కర్లు) లోపల లోదుస్తులు వేసుకోకూడదు, ఇది చెప్పడానికి అందరూ మొహమాటపడతారు, కొత్తవాళ్లు నలభై కిలోమీటర్ల తర్వాత తొడలు ఒరుసుకుపోయాక తెలుసుకుంటారు.

మొదటి గంట... ఇక్కడే సగం మంది రోజంతా పాడు చేసుకుంటారు. చల్లటి గాలి, ఫ్రెష్ కాళ్లు, పక్కన ఎవడో స్పీడ్‌గా పోతుంటే మనకీ ఊపొస్తుంది. వద్దు. మాట్లాడుతూ తొక్కగలిగే స్పీడ్‌లోనే ఉండండి, ఒక పూర్తి వాక్యం చెప్పడానికి ఆయాసం వస్తోందంటే ఎక్కువైనట్టే. బరువైన గేర్‌లో నెమ్మదిగా తొక్కడం కన్నా తేలిక గేర్‌లో నిమిషానికి 80-90 సార్లు తిప్పితే మోకాళ్లకి హాయి. మోకాలు ముందు వైపు నొప్పి పుడితే సీటు కిందకి ఉందేమో చూడండి, వెనక వైపు నొప్పి అయితే పైకి ఉందేమో. ఒక్కసారిగా అంగుళం మార్చేయకండి, కొంచెం కొంచెం.

ఇప్పుడు లైన్‌లో తొక్కడం గురించి. గాలి అడ్డం స్పీడ్‌తో పాటు మామూలుగా పెరగదు, స్పీడ్ రెట్టింపైతే గాలి నాలుగింతలు అడ్డుకుంటుంది. అందుకే ఎదురుగాలిలో ముందు ఒకడు ఉంటే వెనకున్నవాడికి ప్రాణం లేచొస్తుంది. కొత్తవాళ్లు మొదట్లో ఒక సైకిల్ పొడవు గ్యాప్ ఉంచండి, అలవాటయ్యాక తగ్గించుకోవచ్చు. కానీ మీ ముందు చక్రం ఎప్పుడూ ముందువాడి వెనక చక్రం పక్కకి వెళ్లకూడదు. అతను గుంత తప్పించడానికి కొద్దిగా పక్కకి జరిగినా రెండూ తగులుకుంటాయి, అప్పుడు పడేది మీరు, అతను కాదు. అతనికి చాలాసార్లు ఏం జరిగిందో కూడా తెలీదు!

ముందు నడిపే వంతు మీకొచ్చినప్పుడు హీరో అయిపోకండి. అప్పటిదాకా 22లో వెళ్తున్నారంటే మీరూ 22లోనే వెళ్లాలి, 26 చేస్తే వెనక లైన్ ముక్కలైపోతుంది, చివర్లో ఉన్నవాడు అందుకోలేక తిట్టుకుంటూ ఉంటాడు. కొన్ని నిమిషాలు లాగాక వెనక్కి చూసి, బండ్లేవీ రావట్లేదంటే పక్కకి జరిగి, కాస్త నెమ్మదించి, లైన్ చివర్లో కలిసిపోండి. సడన్ బ్రేక్ అసలు వద్దు, తొక్కడం ఆపి నిటారుగా కూర్చుంటే గాలే మీ స్పీడ్ తగ్గిస్తుంది. సీటు మీద నుంచి లేచి తొక్కేటప్పుడు ఇంకోటి, లేచిన క్షణంలో సైకిల్ కొంచెం వెనక్కి వచ్చినట్టవుతుంది, వెనకవాడికి ముందే ఒక కేక వేయండి. గుంతకి వేలు కిందకి చూపించడం, ఆగడానికి చెయ్యెత్తడం లాంటి సైగలు గ్రూప్‌ని బట్టి మారతాయి, పొద్దున్నే అందరూ ఒక మాట అనుకోవాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు లైన్ గురించి మర్చిపోండి, ఎవరి స్పీడ్ వాళ్లది, పైన అందరూ కలుస్తారు. ముందొచ్చినవాళ్లు పది నిమిషాలు రెస్ట్ తీసుకుని చివరివాడు రాగానే బయల్దేరిపోవడం మాత్రం పాపం, అతనికి కూడా ఊపిరి తీసుకోనివ్వాలి కదా. దిగేటప్పుడు గ్యాప్ బాగా పెంచండి, బ్రేక్ మలుపు రాకముందే వేసేయాలి, మలుపులో కాదు.

తిండి విషయంలో ఆకలేసేదాకా ఆగితే అయిపోయినట్టే. గట్టిగా తొక్కితే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (కండరాలు వాడుకునే చక్కెర నిల్వ) దాదాపు రెండు గంటల్లో అడుగంటుతుంది, అప్పుడు కాళ్లలో జీవం పోతుంది, వణుకొస్తుంది, పక్కవాడు ఏమన్నా కోపమొస్తుంది. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు పడాలి, ఒక మీడియం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి, లెక్కేసుకోండి. నీళ్లు గంటకి అర లీటర్ నుంచి ముప్పావు లీటర్, ఎండలో ఇంకా ఎక్కువ, కానీ చెమట ధారలుగా కారుతుంటే ఉత్త నీళ్లే తాగుతూ పోకూడదు, ఉప్పు కూడా పడాలి, ఒక బాటిల్‌లో ఓఆర్ఎస్ కలుపుకుంటే సరిపోతుంది. ఆగినప్పుడు పావుగంట మించొద్దు, కాళ్లు బిగుసుకుపోతే మళ్లీ ఎక్కడం నరకం.

పంచర్ పడిందంటే అందరూ రోడ్డు దిగి ఆగండి. కొత్త ట్యూబ్ వేసేయడం పెద్ద పని కాదు, తొందరలో అందరూ మర్చిపోయేది టైర్ లోపల చూడ్డం. బొటనవేలితో లోపలి వైపంతా మెల్లగా తడమండి, గట్టిగా రుద్దితే వేలే తెగుతుంది. మా గ్రూప్‌లో ఒకరికి అరగంటలో రెండు ట్యూబులు పోయాయి, మూడోసారి టైర్ తిరగేసి చూస్తే వెంట్రుక మందం ఇనుప తీగ ముక్క, బయటికి కనిపించనే కనిపించదు, గోళ్లతో లాగితే వచ్చింది. పాత ట్యూబ్‌లో గాలి కొట్టి కన్నం ఎక్కడుందో చూసి, ట్యూబ్‌ని చక్రం మీద పెట్టి సరిచూస్తే టైర్‌లో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

వెనక స్వీప్‌గా, అంటే అందరికన్నా చివర్లో వచ్చే మనిషిగా, ఎవరో ఒక అనుభవం ఉన్నవాళ్లుండాలి, అతన్ని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. ఆ డ్యూటీ బోర్ కొడుతుంది, అందుకే రోజూ మార్చుకోండి.

సాయంత్రం చేరగానే మంచం మీద పడిపోవాలనిపిస్తుంది. ముందు ఆ షార్ట్స్ విప్పి ఉతికేయండి, తడి బట్టల్లో కూర్చుంటే సెగ్గడ్డలొస్తాయి. ఉతికాక పొడి టవల్‌లో చుట్టి పిండితే తొందరగా ఆరతాయి, అప్పటికీ ఆరకపోతే రెండో జత వేసుకుని వీటిని పొద్దున బ్యాగ్ మీద కట్టేయండి, రెండో స్టాప్ వచ్చేలోపు ఎండకి అవే ఆరిపోతాయి, కాకపోతే చక్రంలో పడకుండా రెండు వైపులా ముడేయండి.