మెడికల్ సీటు వచ్చాక తత్కాల్ తిప్పలు

సీటు అలాట్‌మెంట్ వచ్చాక కాలేజీలో రిపోర్ట్ చేయడానికి ఇచ్చేది కొద్ది రోజులే. ఆమదాలవలసలో తిరుపతి బండెక్కాలంటే ఇక తత్కాలే దిక్కు. మా అమ్మాయి పేరు, వయసు టైప్ చేసేలోపే మొదటిసారి బెర్తులన్నీ అయిపోయాయి.

ఈసారి వారం ముందే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ వెరిఫై చేసి, అందులో ప్రయాణికుల వివరాలు ముందే దాచుకునే మాస్టర్ లిస్ట్‌లో మా ఇద్దరి వివరాలూ ఎక్కించాను. తత్కాల్ బుకింగ్ ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కి 11 గంటలకు తెరుస్తారు. ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి, పేర్ల మీద టిక్ పెడితే చాలు.

హౌరా వైపు నుంచి వచ్చే బండైతే చూసుకోండి: మన స్టేషన్‌కి వచ్చే తేదీ కాదు, అది బయల్దేరే చోటి తేదీకి ముందురోజు తెరుస్తారు. రిపోర్టింగ్ తేదీ మారేలా ఉంటే మాత్రం తొందరపడొద్దు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మనం రద్దు చేసుకుంటే రూపాయి కూడా తిరిగి రాదు.